భూగర్భ బంగారు గని: తవ్వవచ్చా, తవ్వితే గిడుతుందా?

భూగర్భ బంగారు గని మీద పెట్టుబడి పెట్టేముందు రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలి. అంత లోతున ఉన్న రాయిని మనుషుల ప్రాణాలకు ముప్పు లేకుండా పైకి తేవడం కుదురుతుందా అన్నది మొదటిది. అలా తెచ్చిన రాయిలోంచి తీసిన బంగారం, దానికైన ఖర్చంతా తీర్చి ఇంకా కొంత మిగల్చగలదా అన్నది రెండోది. మొదటిది ఇంజనీరింగుకు సంబంధించింది, రెండోది ఆర్థికానికి సంబంధించింది. గనిలో ఈ రెండింటినీ విడదీయడం కుదరదు. అక్కడ తీసుకునే ప్రతి జాగ్రత్తకూ ఖర్చుంది. ఆ ఖర్చును టన్ను రాయిలో ఉండే నాలుగైదు గ్రాముల బంగారమే భరించాలి. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి పరిశీలించడాన్నే సాధ్యాసాధ్యాల అధ్యయనం, వాడుకలో ఫీజిబిలిటీ స్టడీ, అంటారు.

ఈ ప్రశ్నలు ఎదురయ్యే చోట్లలో ప్యాపిలి ప్రాంతం ఒకటి. అక్కడ బంగారం మాట కొత్తది కాదు. హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్, గుత్తిల మధ్య ఉన్న ప్యాపిలికి పడమటి దిక్కున, తుగ్గలి మండలంలో జొన్నగిరి ఉంది. అశోకుని శిలాశాసనాలున్న ఎర్రగుడి ఆ పక్కనే. మౌర్యుల కాలపు సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతికే నేల కూడా ఇదే. ఇక్కడి బంగారం 250 కోట్ల ఏళ్లకు పైబడిన ధార్వార్ శిస్టు రాళ్లలో, వాటిని చీల్చుకుంటూ పోయిన పలుగురాతి పొరల్లో ఉంది. జొన్నగిరిలో జియోమైసూర్ సర్వీసెస్ సంస్థకు 2013లో మైనింగ్ లీజు వచ్చింది. ఆ సంస్థలో డెక్కన్ గోల్డ్ మైన్స్‌కు వాటా ఉంది. ఇప్పుడు చేపట్టింది ఓపెన్‌కాస్ట్ పద్ధతి, అంటే పైనుంచి గుంత తవ్వుకుంటూ పోవడం. అయితే బంగారపు పొర ఏటవాలుగా కిందికి దిగే కొద్దీ గుంత కోసం తీసిపారేయాల్సిన వట్టి రాయి పెరుగుతూ పోతుంది. ఒక లోతు దాటాక గుంత కన్నా సొరంగమే చవక. ఆ లోతు దగ్గర భూగర్భ గని ప్రశ్న కొత్తగా మొదలవుతుంది, దానికి లెక్కంతా వేరుగా వేయాలి.

ఆ లెక్కకు పాఠాలు దూరాన లేవు. అనంతపురం సీమలోని రామగిరిలో 20వ శతాబ్ది ఆరంభంలో బంగారు గనులు నడిచి, 1920ల్లో మూతపడ్డాయి. తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ అక్కడా, చిత్తూరు జిల్లా చిగరగుంటలోనూ మళ్లీ గనులు తెరిచి, 2001 నాటికి వదిలేసింది. చిత్తూరు సరిహద్దుకు ఆనుకునే ఉన్న కోలార్ బంగారు గనులు 1880ల నుంచి 2001 ఫిబ్రవరి 28 దాకా నడిచి సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చాయి. వాటిలో ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. ఒకప్పటి నిజాం రాజ్యంలోదైన రాయచూరు జిల్లా హట్టిలో, 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో ఏర్పడిన సంస్థ నేటికీ భూగర్భంలోంచే బంగారం తీస్తోంది. అన్నీ ఒకే జాతి రాళ్లలోని గనులు. ఒకటి 120 ఏళ్లు నడిచి ఆగింది, ఒకటి నేటికీ నడుస్తోంది, కొన్ని మధ్యలోనే నిలిచిపోయాయి. ఈ తేడాలకు కారణం బంగారం ఉందా లేదా అన్నది కాదు. ఎంత లోతున, ఎంత మందాన, టన్నుకు ఎన్ని గ్రాములు, ఎంత ఖర్చుకు అన్నదే.

అధ్యయనానికి పునాది రాతి నమూనా. మన దేశపు నిబంధనల్లో అన్వేషణకు జి4, జి3, జి2, జి1 అని నాలుగు మెట్లున్నాయి. జి4 తొలి పరిశీలన, జి1 సవివరమైన అన్వేషణ. మెట్టు ఎక్కేకొద్దీ డ్రిల్లింగ్ రంధ్రాలు దగ్గరదగ్గరగా పడతాయి. వజ్రపు పళ్లున్న బోలు గొట్టంతో తొలిచినప్పుడు లోపలి రాయి పొడి కాకుండా కడ్డీలా బయటికి వస్తుంది. దాన్నే కోర్ అంటారు. ఆ కడ్డీలను వరసగా పెట్టెల్లో పేర్చి, ప్రతి మీటరు దగ్గరా లోతు రాసి, ఫోటో తీస్తారు. తర్వాత రంపంతో నిలువునా రెండు బద్దలు చేస్తారు. ఒక బద్ద ప్రయోగశాలకు పోతుంది, రెండోది పెట్టెలోనే భద్రంగా ఉంటుంది. రేపు ఎవరికైనా అనుమానం వస్తే మళ్లీ పరీక్షించడానికి ఆ రెండో బద్దే సాక్ష్యం.

ప్రయోగశాలలో ఆ రాయిని పిండి చేసి, అందులోంచి 30 నుంచి 50 గ్రాములు తూచి తీసుకుంటారు. దానికి సీసపు భస్మం, సోడా, వెలిగారం వంటివి కలిపి, సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో మూసలో కరిగిస్తారు. కరిగిన సీసం రాతిపిండిలోని బంగారాన్ని, వెండిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. ఆ సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మళ్లీ కాలుస్తారు. సీసం గిన్నెలోకి ఇంకిపోయి, ఆవాల గింజకన్నా చిన్న పూస ఒకటి మిగులుతుంది. నత్రికామ్లంలో ఆ పూసలోని వెండి కరిగిపోగా చివరికి మిగిలిందే బంగారం. దాన్ని అతి సున్నితమైన త్రాసులో తూచి, టన్నుకు ఎన్ని గ్రాములో లెక్క కడతారు. వందల కోట్ల నిర్ణయాలు ఈ పూస బరువు మీద ఆధారపడతాయి.

అందుకే ఈ పూసను నమ్మడానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. బంగారం రాయిలో సమానంగా పరుచుకుని ఉండదు, అక్కడొక రవ్వ, ఇక్కడొక రవ్వగా ఉంటుంది. ఒకే చేనులో వేసిన రెండు బోర్లలో ఒకదాంట్లో నీళ్లు పడి, పది గజాల దూరంలోని ఇంకోదాంట్లో దుమ్ము లేచినట్టే, ఒకే కోర్ రెండు బద్దల్లో ఒకటి టన్నుకు 20 గ్రాములు చూపి రెండోది 3 గ్రాములే చూపవచ్చు. ఒక్క మంచి నమూనాను చూసి మురిసిపోతే మోసపోవడమే. కాబట్టి అదే నమూనాను రెండుసార్లు పరీక్షిస్తారు. బంగారం బొత్తిగా లేని రాయిని, బంగారం ఎంతుందో ముందే తెలిసిన పొడిని, గుర్తు చెప్పకుండా మధ్యమధ్య ప్రయోగశాలకు పంపుతారు. అసాధారణంగా పెద్ద విలువలు వస్తే వాటిని ఒక హద్దుకు కుదించి మాత్రమే సగటులో కలుపుతారు.

ఈ కట్టుబాట్లు లేకపోతే ఏమవుతుందో 1997లో లోకమంతా చూసింది. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రి-ఎక్స్ అనే కెనడా కంపెనీ ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు నిక్షేపాల్లో ఒకటి దొరికిందని ప్రకటించింది. కోర్‌ను సగం దాచకుండా మొత్తం నలగ్గొట్టి పరీక్షకు పంపేవారు. ఫ్రీపోర్ట్ అనే మరో గనుల సంస్థ అవే రంధ్రాల పక్కన సొంతంగా తొలిచి చూస్తే చెప్పుకోదగ్గ బంగారమే లేదు. నమూనాల్లో బయటి బంగారం కలిపారని తేలింది. వేలమంది మదుపరుల డబ్బు మట్టిపాలైంది. ఆ దెబ్బతో కెనడా 2001లో ఎన్‌ఐ 43-101 అనే నిబంధనలు తెచ్చింది. అర్హత ఉన్న నిపుణుడు సంతకం పెట్టి బాధ్యత వహించకుండా ఖనిజ నిల్వల అంకెలు ప్రకటించకూడదన్నది వాటి సారాంశం. ఆస్ట్రేలియాలో జోర్క్ నియమావళి ఇదే పని చేస్తుంది. మన దేశంలో ఐక్యరాజ్యసమితి రూపొందించిన యుఎన్‌ఎఫ్‌సి వర్గీకరణను పాటిస్తారు. దాని ప్రకారం ఖనిజాన్ని మూడు కోణాల్లో తూచాలి: భూగర్భ సమాచారం ఎంత గట్టిది, తవ్వకం ఎంతవరకు సాధ్యం, ఆర్థికంగా ఎంత గిట్టుబాటు. మూడింటిలోనూ నెగ్గినదాన్నే రిజర్వు, అంటే తవ్వదగిన నిల్వ, అంటారు. మిగిలినది వనరు మాత్రమే. పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చే టన్నుల లెక్కలు తరచు వనరుకు సంబంధించినవి. అప్పు ఇచ్చే బ్యాంకు మాత్రం నిల్వనే చూస్తుంది.

వనరు నుంచి నిల్వకు వచ్చేసరికి అంకెలు తరుగుతాయి. పలుగు పొర మందం ఒక మీటరు, దాంట్లో టన్నుకు 8 గ్రాముల బంగారం ఉందనుకుంటే, కేవలం ఆ మీటరు మందాన్నే చెక్కి తీయడం కుదరదు. యంత్రం ఆడటానికి, మనిషి నిలబడటానికి ఒకటిన్నర మీటరైనా తవ్వాలి. పక్కనున్న అర మీటరు వట్టి రాయి కూడా కలిసిపోవడంతో సగటు 5.3 గ్రాములకు పడిపోతుంది. దీన్ని డైల్యూషన్ అంటారు. పైకప్పు కూలకుండా అక్కడక్కడ వదిలిన రాతి స్తంభాల్లో ఉండిపోయే ఖనిజం ఇంకో నష్టం. మిల్లులో పూర్తిగా బయటపడకుండా వ్యర్థంతో కొట్టుకుపోయేది మూడో నష్టం. మిల్లు 90 శాతం రాబడితే, 5.3 గ్రాముల్లో చేతికొచ్చేది 4.8 గ్రాములే. కోర్ పెట్టెలో 8 గ్రాములుగా కనిపించిన రాయి, త్రాసు దగ్గరకొచ్చేసరికి 5 గ్రాములకు లోపు.

తర్వాత పరీక్షించాల్సింది రాతి గట్టిదనం. దీనికీ కోర్ పెట్టే ఆధారం. పది సెంటీమీటర్లకు మించి పొడవున్న ముక్కలన్నీ కలిపి, తొలిచిన పొడవులో ఎంత శాతమో చూస్తారు. అది 90 దాటితే రాయి దిట్టం, 50కి లోపైతే నలిగిన రాయి. నలిగిన రాయిలో సొరంగం తవ్వితే ప్రతి అడుగుకూ ఇనుప బోల్టులు, వలలు, సిమెంటు పూత కావాలి. మన ప్రాంతపు బంగారు పొరలకు ఇంకో చిక్కుంది. వాటిని ప్రాచీనులు ముందే తవ్వారు. నిప్పుతో రాయిని కాల్చి, నీళ్లు పోసి పగలగొట్టిన ఆ పాత గోతులు, సొరంగాలు ఇప్పుడు నీళ్లతో, మట్టితో నిండి ఉంటాయి. వాటిని పటంలో గుర్తించకుండా కింద తవ్వితే నీరు ఒక్కసారిగా విరుచుకుపడే ప్రమాదం ఉంది. కనుక పాత తవ్వకాల సర్వే అన్నది అధ్యయనంలో తప్పనిసరి భాగం.

ఖనిజాన్ని చేరే దారి ఎంపిక అధ్యయనంలో అతి ఖరీదైన నిర్ణయం. నేలకు దగ్గరగా ఉన్న పొరకు ఏటవాలు సొరంగం తవ్వి, లారీలు నేరుగా దిగేలా చేస్తారు. దీన్ని డిక్లైన్ అంటారు. పని త్వరగా మొదలవుతుంది. లోతు పెరిగే కొద్దీ లారీ తిరిగే దూరం, డీజిలు, పొగ, గాలి ఖర్చు పెరుగుతాయి. అప్పుడు బావిలా నిలువుగా దింపే షాఫ్టు మేలు. షాఫ్టుకు ముందు పెట్టుబడి ఎక్కువ, కట్టడానికి ఏళ్లు పడుతుంది. కట్టాక టన్ను పైకెత్తే ఖర్చు తక్కువ. దారి ఏదైనా ఒకటి చాలదు. ఒకటి మూసుకుపోతే ఇంకోదాంట్లోంచి మనుషులు బయటపడేలా కనీసం రెండు దారులుండాలని మన గనుల నిబంధనల ఆదేశం. రెండో దారి ఖర్చు ఉత్పత్తి ఇవ్వదు, ప్రాణాలు కాపాడుతుంది. దాన్ని అంచనాలోంచి తీసేసి గని గిట్టుబాటని చూపించే నివేదికను పక్కన పెట్టేయాలి.

గాలి, వేడి, ధూళి లెక్కలు దీనికి తోడు. పనిచేసే చోట తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమను కూడా లెక్కలోకి తెచ్చే వేడి కొలత, 33.5 డిగ్రీలు మించకూడదు. 30.5 దాటితే సెకనుకు కనీసం మీటరు వేగంతో గాలి వీచాలి. కోలార్‌లో అడుగు లెవెళ్లలో, అంటే అట్టడుగు సొరంగపు అంతస్తుల్లో, రాతి వేడి 60 డిగ్రీలు దాటింది. గాలిని చల్లబరిచి కిందికి పంపితేనే అక్కడ మనిషి పనిచేయగలిగాడు. పైనున్న రాతి బరువు వల్ల పుట్టే ఒత్తిడితో గోడలు తుపాకీ పేలినట్టు పగిలే రాక్‌బర్స్టులు కోలార్‌ను దశాబ్దాల పాటు వేధించాయి, ఎందరినో బలిగొన్నాయి. తవ్వి ఖాళీ చేసిన చోట్లను చెక్కిన గ్రానైట్ రాళ్లతో, తర్వాత కాంక్రీటుతో నింపుకుంటూ రావడం ఆ అనుభవంలోంచి వచ్చిన పద్ధతి. పలుగురాయి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. నీటితో తడుపుతూ తొలవడం, ధూళిని కొలవడం, కార్మికులకు క్రమంగా వైద్య పరీక్షలు చేయించడం ఖర్చులో మొదటి రోజు నుంచీ ఉండాలి.

తవ్వే పద్ధతిని పొర మందం, వాలు, గోడల గట్టిదనం నిర్ణయిస్తాయి. పొర నిటారుగా ఉండి గోడలు గట్టివైతే ఒక లెవెల్ నుంచి ఇంకో లెవెల్‌కు పొడవాటి రంధ్రాలు వేసి పేల్చి, రాలిన ఖనిజాన్ని కింది నుంచి తోడుకుంటారు. చవకైన పద్ధతి, కానీ వట్టి రాయి ఎక్కువగా కలుస్తుంది. పొర సన్నగా, వంకర్లు తిరిగి ఉంటే కొంచెం కొంచెంగా తీస్తూ, తీసిన చోటును నింపుతూ పైకి పోవాలి. ఖర్చెక్కువైనా బంగారం వృథా తక్కువ. ఏ పద్ధతిని ఎంచుకుంటే టన్నుకు ఎంత ఖర్చు, ఎన్ని గ్రాములు అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడందే ఎంపిక పూర్తి కాదు.

పైకొచ్చిన రాయి మిల్లుకు పోతుంది. దాన్ని నలగ్గొట్టి పిండి చేసి, బరువైన బంగారు రవ్వలను ముందుగా వేరు చేస్తారు. మిగిలిన సన్నటి బంగారాన్ని పలుచటి సైనైడ్ ద్రావణంలో కరిగిస్తారు. ఈ పద్ధతికి 1887లో స్కాట్లండ్‌వారు పేటెంటు తీసుకున్నారు. కరిగిన బంగారాన్ని ఇప్పుడు ఎక్కువగా కొబ్బరి చిప్పల నుంచి తయారైన బొగ్గు పట్టుకుంటుంది. రాయిలో ఆర్సెనిక్ ఖనిజాలు ఉండి బంగారం వాటిలో చిక్కుకుని ఉంటే సైనైడ్‌కు లొంగదు. అప్పుడు రాబడి పడిపోతుంది, లేదా ఇంకో ఖరీదైన దశ కలపాలి. గని లోపలి వేర్వేరు భాగాల నుంచి తెచ్చిన రాళ్లను ముందే పరీక్షించి చూడకుండా కట్టిన మిల్లు కంపెనీకి పెద్ద తలనొప్పి అవుతుంది.

గని రోజుకెన్ని టన్నులు తీయాలన్నది తర్వాతి ప్రశ్న. హెచ్.కె. టేలర్ అనే ఇంజనీరు చాలా గనులను చూసి 1970ల్లో ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పాడు. నిల్వ టన్నుల సంఖ్యకు వర్గమూలం తీసి, దానికి మళ్లీ వర్గమూలం తీసి, అయిదుతో భాగిస్తే గనికి తగిన ఆయుష్షు ఏళ్లలో వస్తుంది. ఉదాహరణకు చిగరగుంట–బిసానత్తం బ్లాకులో సుమారు 18 లక్షల టన్నుల ఖనిజం, టన్నుకు సుమారు 5 గ్రాముల బంగారం ఉన్నట్టు అంచనా. అంటే మొత్తం 9 టన్నుల బంగారం. అదంతా నిల్వగా తేలితే, టేలర్ సూత్రం ప్రకారం దానికి ఆయుష్షు ఏడేళ్లకు కాస్త పైన, ఏడాదికి సుమారు రెండున్నర లక్షల టన్నులు. అంతకన్నా తొందరపడితే యంత్రాలకే డబ్బంతా పోతుంది, మరీ నెమ్మదిస్తే నిర్వహణ ఖర్చు మింగేస్తుంది.

ఇక గిట్టుబాటు లెక్క. ఈ లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకోవాలి, ఇవి ఏ గనికీ చెందినవి కావు. తవ్వకం, మిల్లు, నిర్వహణ కలిపి టన్నుకు 18,000 రూపాయల ఖర్చు. గ్రాము బంగారం ధర 8,000 రూపాయలు. మిల్లు రాబడి 90 శాతం. అంటే రాయిలోని ప్రతి గ్రాముకూ 7,200 రూపాయలు వస్తాయి. ప్రభుత్వానికి రాయల్టీ, ఖనిజంలో ఉన్న బంగారం విలువలో 4 శాతం, అంటే 320 రూపాయలు. మిల్లులో పోగొట్టుకున్న బంగారానికి కూడా ఈ రాయల్టీ కట్టాల్సిందే. మిగిలేది 6,880 రూపాయలు. 18,000ను దీంతో భాగిస్తే 2.6 గ్రాములు వస్తుంది. ఇదే కటాఫ్ గ్రేడు. ఇంతకన్నా తక్కువ బంగారమున్న రాయిని పైకి తెస్తే నష్టం. గ్రాము ధర 6,000కు దిగితే కటాఫ్ దాదాపు 3.5 గ్రాములకు ఎగబాకుతుంది. నిన్నటి ఖనిజం ఇవాళ వట్టి రాయిగా మారుతుంది, గనిలో ఏమీ మారకపోయినా.

చట్టం తెచ్చే భారం కూడా ఈ లెక్కలోకి రావాలి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టాన్ని 2015లో సవరించాక లీజులు వేలంలోనే దక్కుతున్నాయి. ఖనిజం విలువలో ఎక్కువ శాతం ప్రభుత్వానికి ఇస్తామన్నవారికే గని. ఈ ప్రీమియం లాభంలోంచి పోయేది కాదు, అమ్మకం విలువలోంచే పోతుంది. పై ఉదాహరణలో 20 శాతం ప్రీమియం ఒప్పుకుంటే గ్రాముకు మరో 1,600 రూపాయలు తగ్గి, కటాఫ్ 2.6 నుంచి 3.4 గ్రాములకు చేరుతుంది. నిల్వలో పెద్ద భాగం భూమిలోనే మిగిలిపోతుంది. వేలంలో ఆవేశపడి ఎక్కువ శాతం పాడిన కంపెనీ, ఒక్క గజం తవ్వకముందే తన గనిని చిన్నది చేసుకుంటుంది. వీటితోపాటు జిల్లా ఖనిజ నిధికి చెల్లింపు ఉంటుంది. వేలంలో వచ్చిన లీజులకు అది రాయల్టీలో 10 శాతం, అంతకుముందటి లీజులకు 30 శాతం. ఆ సొమ్ము గని ప్రభావం పడే ఊళ్ల తాగునీరు, వైద్యం, చదువులకు ఖర్చు కావాలి.

డబ్బు వచ్చే సమయం కూడా లెక్కే. షాఫ్టుకు, మిల్లుకు ముందే పెట్టుబడి పోతుంది, బంగారం తర్వాత వస్తుంది. ఏడాదికి 12 శాతం చొప్పున చూస్తే మూడేళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలు ఇవాళ 71 రూపాయలతో సమానం, పదేళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలు 32 రూపాయలతో సమానం. ఏటా వచ్చే మిగుళ్లన్నింటినీ ఇలా నేటి విలువకు కుదించి, అందులోంచి పెట్టుబడి తీసేయగా మిగిలేది నికర ప్రస్తుత విలువ. అది సున్నాకు పైనుంటేనే గని మాట ముందుకు సాగుతుంది. నిర్మాణం రెండేళ్లు ఆలస్యమైతే మంచి గని కూడా ఈ పరీక్షలో తప్పవచ్చు.

ఒక్క అంకెతో తృప్తిపడకుండా, అంకెలన్నీ చెడితే ఏమవుతుందో చూడటం అధ్యయనంలోని చివరి వడపోత. ముందటి ఉదాహరణలో, ప్రీమియం పక్కన పెడితే, 5.3 గ్రాముల రాయికి టన్నుకు మిగిలేది సుమారు 18,500 రూపాయలు. టన్నుకయ్యే మొత్తం ఖర్చు పది శాతం పెరిగితే మిగులు దాదాపు పది శాతమే తగ్గుతుంది. గ్రేడు, అంటే టన్ను రాయిలోని బంగారం, పాతిక శాతం తగ్గి 4 గ్రాములైతే మిగులు 9,500కు, అంటే సగానికి పడిపోతుంది. ధర పాతిక శాతం తగ్గినా దాదాపు అంతే. ధర ఎవరి చేతిలోనూ ఉండదు. గ్రేడు అంచనా మాత్రం అధ్యయనం చేసేవారి చేతిలో ఉంది. కాబట్టి డ్రిల్లింగ్ మీద మిగిల్చిన రూపాయి, తర్వాత పది రూపాయల నష్టంగా తిరిగి రాగలదు. కోలార్‌లో లోతు పెరిగే కొద్దీ ఖర్చు పెరిగింది, టన్నుకు దొరికే బంగారం తరిగింది. 1999లో ఔన్సు బంగారం 252 డాలర్ల దాకా దిగింది. మూడూ ఒకేసారి ఎదురుతిరిగాక గని నిలవలేకపోయింది.

నీరు, వ్యర్థం, మనుషులు అన్న మూడు పద్దులు లేకుండా ఈ లెక్క పూర్తి కాదు. భూగర్భ గనిలోంచి ఊటనీటిని నిరంతరం తోడాలి. తోడితే చుట్టుపక్కల నీటిమట్టం దిగుతుంది. ప్యాపిలి, తుగ్గలి వంటి మెట్ట మండలాల్లో బోరే రైతుకు ప్రాణం. గని మొదలవకముందే చుట్టూ ఉన్న బావుల, బోర్ల నీటిమట్టం కనీసం కొన్ని రుతువుల పాటు కొలిచి రాసిపెట్టకపోతే, రేపు బోరు ఎండినప్పుడు కారణం ఎవరూ తేల్చలేరు. టన్ను రాయిలో 5 గ్రాములు పోగా మిగిలినదంతా వ్యర్థపు పిండే. కోలార్‌లో అలా పోసిన సైనైడ్ దిబ్బలు మూడు కోట్ల టన్నులకు పైబడి ఉన్నాయి, గాలి వీస్తే దుమ్ము ఇప్పటికీ ఊళ్ల మీద పడుతుంది. వ్యర్థంలో కొంత భాగాన్ని సిమెంటుతో కలిపి తవ్విన ఖాళీల్లోకే తిరిగి పంపవచ్చు. మిగిలినదాన్ని అడుగున పొర పరచిన చెరువుల్లో నిలపాలి. గని మూసేటప్పుడు చేయాల్సిన పనులకు ప్రణాళిక, దానికి ఆర్థిక హామీ లీజుదారు ముందే ఇవ్వాలని నిబంధన. కోలార్ గని మూసిన రోజున ఒక పట్టణమంతా జీవనాధారం కోల్పోయింది. మూత తర్వాత కార్మికులు ఏం చేయాలన్నది కూడా తెరిచేముందే రాయాల్సిన విషయం.

ఈ పనంతా మూడు దశల్లో సాగుతుంది. మొదటిది ఉజ్జాయింపు అధ్యయనం. దాని అంకెలు 30 శాతం, ఇంకా ఎక్కువే అటూఇటూ కావచ్చు. రెండోది ముందస్తు సాధ్యత అధ్యయనం, దానిలో తవ్వకం పద్ధతి, మిల్లు విధానం తేలతాయి, తేడా 20–25 శాతానికి తగ్గుతుంది. మూడోది పూర్తి అధ్యయనం, 10–15 శాతం లోపు తేడాతో, బ్యాంకు అప్పు ఇవ్వగలిగేంత గట్టిగా ఉండాలి. ప్రతి దశ చివరా కొనసాగాలా, ఆగాలా అన్న నిర్ణయం ఉంటుంది. ఆగమని చెప్పిన అధ్యయనం వృథా అయినట్టు కాదు. కొన్ని కోట్లతో వందల కోట్లను, వాటికన్నా విలువైన ప్రాణాలను కాపాడినట్టే. కొనసాగమని చెప్పిన అధ్యయనం ఊరి ముందు నిలబడాలి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే ఇక్కడ తెలుగులో, అందుబాటులో ఉండాలి. ఆ సారాంశంలో కటాఫ్ గ్రేడు ఎంత, ఏ ధర మీద వేశారు, రెండో దారి ఎక్కడ, బోర్ల కొలతలు ఎవరి దగ్గర ఉన్నాయి, వ్యర్థం ఎక్కడ నిలుస్తుంది, మూసేటప్పుడు ఎవరు డబ్బు కడతారు అన్న ప్రశ్నలకు అంకెలతో జవాబులు ఉంటేనే అది ఇంజనీరింగు, ఆర్థికం, దాని మీద బతికే ఊళ్లు పెట్టే పరీక్షలకు తట్టుకునే గని.